కొత్త బ్యాటరీ కొనే ముందు ఒక్క రాత్రి ఆగండి
ఆపి ఉంచిన ట్రాక్టర్‌లో కరెంటు ఎటు పోతోందో కనిపెట్టే పద్ధతి

తొలకరి వాన పడింది. రెండు రోజులు ఎండ కాసింది. నల్లరేగడి చేను పదునుకొచ్చింది. తెల్లవారుజామునే గొర్రు తగిలించుకుని పోదామని ట్రాక్టరెక్కి తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు. అంతే, సెల్ఫ్ తిరగదు. పక్క చేలో అప్పటికే దుక్కి సాగుతూ ఉంటుంది. మన బండి మాత్రం కొట్టం కింద కదలకుండా నిలబడి ఉంటుంది. నలుగుర్ని పిలిచి తోయించేసరికి పొద్దెక్కుతుంది. సాయంత్రానికి మళ్లీ వాన పడితే ఆ పదును పోయినట్టే.

ఇలాంటప్పుడు చాలామంది రైతులు చేసేది ఒకటే. బ్యాటరీ పోయిందని తేల్చేసి టౌనుకెళ్లి కొత్తది తెచ్చుకుంటారు. ఏడెనిమిది వేలు వదులుతాయి. నెల తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు దుకాణం వాడు మోసం చేశాడని తిట్టుకుంటారు. తప్పు బ్యాటరీదీ కాకపోవచ్చు, దుకాణం వాడిదీ కాకపోవచ్చు. కుండకు చిల్లు ఉంటే ఎన్ని బిందెలు పోసినా నిలవదు కదా! ముందు చూడాల్సింది చిల్లు ఎక్కడుందనే. అది కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక బల్బు, ఒక మీటరు, కాస్త ఓపిక ఉంటే చాలు.

కొత్తదీ దిగిపోయింది

నరసరావుపేట దగ్గర్లోని ఓ ఊళ్లో పత్తి, మిరప వేసే రైతు ఒకరు ఈ ఇబ్బందే పడ్డారు. ఆయన ట్రాక్టర్ పాతది. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. మే నెలలో అది మొరాయిస్తే, వయసైపోయిందిలే అనుకుని 88 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ వేయించారు. రోజూ బండి తిరిగినన్నాళ్లూ పర్వాలేదు. పొద్దున పూట కాస్త మూలుగుతూ లేచేది. వాన పడి రెండు రోజులు ఆపేసరికి చుక్క కరెంటు లేదు. బ్యాటరీని తీసుకెళ్లి దుకాణంలో ఇస్తే వాళ్లు ఒక రోజు చార్జింగ్ పెట్టి, పరీక్ష చేసి, ‘ఇందులో లోపమేమీ లేదు’ అని తిరిగిచ్చారు. మళ్లీ బిగించారు. మళ్లీ దిగిపోయింది.

చివరికి ట్రాక్టర్ల వైరింగ్ పనిచేసే కుర్రాణ్ని పిలిపించారు. ఆ కుర్రాడు వస్తూనే స్పానర్ పట్టుకోలేదు. ‘బాబాయ్, ఈ రాత్రికి బ్యాటరీ ఎర్తు వైరు ఊడదీసి పడుకో. పొద్దున తగిలించి తాళం తిప్పి చూడు. అప్పుడొస్తా’ అని వెళ్లిపోయాడు. ఆ మాటలోనే సగం విద్య ఉంది.

పైసా ఖర్చు లేని పరీక్ష

బ్యాటరీని బయట పూర్తిగా చార్జింగ్ పెట్టించి బండికి బిగించండి. రాత్రి ఆపేశాక మైనస్ టెర్మినల్ నుంచి ఎర్తు వైరు తీసేయండి. అది టెర్మినల్‌కు తగలకుండా పక్కకు కట్టేయండి. పొద్దున వైరు తగిలించి స్టార్ట్ చేయండి. హుషారుగా లేస్తే బ్యాటరీ మంచిదే. మర్నాటి రాత్రి వైరు తగిలించే ఉంచి చూడండి. అప్పుడు డీలా పడితే బండి వైరింగ్‌లోనే ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. వైరు తీసి ఉంచినా పొద్దునకు దిగిపోతే మాత్రం బ్యాటరీనే అనుమానించాలి.

ఆ రైతు బండి వైరు తీసి ఉంచిన రాత్రి తర్వాత ఒక్క తిప్పుకే లేచింది. దాంతో దుకాణం వాళ్ల మాట నిజమని తేలిపోయింది.

బ్యాటరీ, చార్జింగ్ ముందు చూడాలి

కరెంటు కారుతోందని వైరింగంతా విప్పే ముందు మరో రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది బ్యాటరీ ఆరోగ్యం. బండి ఆపి నాలుగైదు గంటలయ్యాక మీటరుతో చూస్తే నిండు బ్యాటరీలో 12.6 వోల్టులు, ఆ పైన ఉండాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఆరు గదులూ చూడాలి. పూర్తిగా చార్జింగ్ అయ్యాక 1250 నుంచి 1280 దాకా చూపాలి. ఐదు గదులు బాగుండి ఒక్కటి మాత్రం 50 పాయింట్లకు మించి తగ్గితే ఆ గది దెబ్బతిన్నట్టే. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, యాసిడ్ పోయకూడదు.

రెండోది చార్జింగ్. ఇంజన్ నడుస్తుండగా, కాస్త రేస్ ఇచ్చి బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటరు పెడితే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13.5 కూడా లేకపోతే చార్జింగ్ సరిపోవడం లేదు. ఫ్యాన్ బెల్టు వదులైనా, టెర్మినళ్లకు తెల్లపొడి పట్టినా, ఎర్తు వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పట్టినా ఇలాగే అవుతుంది. 15 దాటుతుంటే అతిగా ఎక్కుతోందని అర్థం. నీళ్లు ఆవిరైపోయి బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

మన రైతు బండి 13.2 దగ్గరే ఆగింది. బెల్టు బిగువుగానే ఉంది, టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి. కుర్రాడు ఆ అంకెను చీటీ మీద రాసుకుని ముందుకెళ్లాడు. ‘చార్జింగూ తక్కువ, కారడమూ ఉంది. రెండిటికీ మూలం ఒకటే కావచ్చు’ అన్నాడు.

బల్బుతో చిల్లు కనిపెట్టడం

తాళం తీసేయాలి. లైట్లన్నీ ఆపాలి. ఎర్తు వైరు టెర్మినల్ నుంచి తీసి, ఆ వైరుకూ మైనస్ టెర్మినల్‌కూ మధ్య 12 వోల్టులు, 5 వాట్ల పార్కింగ్ బల్బును హోల్డరుతో సహా కలపాలి. ఎలక్ట్రానిక్స్ లేని పాత ట్రాక్టర్‌లో అన్నీ ఆపేశాక కరెంటు పోవాల్సిన పనే లేదు. బల్బు వెలగకూడదు. వెలిగిందంటే కరెంటు ఎటో పోతోంది. ఎంత కాంతిగా వెలిగితే అంత పెద్ద చిల్లు. ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బు ఈ పనికి పనికిరాదు. చిన్న చిల్లుకు అది వెలగదు.

పాత బండ్లలో కొన్నిటికి డ్యాష్ బోర్డు మీద ఆంపియర్ మీటరు ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళం తీశాక కూడా దాని ముల్లు మైనస్ వైపు వాలి ఉంటే బల్బు కూడా అక్కర్లేదు, జబ్బు అక్కడే కనిపించినట్టు. మరీ పాత బండ్లలో కొన్నిటికి ప్లస్సే ఎర్తు ఉండేది. బ్యాటరీ నుంచి బాడీకి బిగించిన వైరు ఏదో చూసుకుని దాని దగ్గరే పరీక్ష చేయాలి.

ఎంత పోతోందో అంకెల్లో తెలియాలంటే బల్బు స్థానంలో మల్టీమీటరు పెట్టాలి. మీటరును 10 ఆంపియర్ల మీద ఉంచి, ఎర్ర వైరును కూడా ఆ రంధ్రంలోకే మార్చాలి. ఒక్క సంగతి మరవొద్దు. మీటరు కలిపి ఉండగా తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకూడదు. సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా మీటరే కాలిపోతుంది.

2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వీటిలో చాలావాటికి ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఉంటుంది. అలాంటి బండ్లలో తాళం తీశాక కొద్దిసేపు కంప్యూటర్ మేలుకునే ఉంటుంది కాబట్టి పావుగంట ఆగి మీటరు చూడాలి. అవి ఆగి ఉన్నప్పుడు కూడా కొద్ది మిల్లీ ఆంపియర్లు తీసుకోవడం మామూలే. 50 మిల్లీ ఆంపియర్లు పోయినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లే అవుతాయి. పది రోజులు ఆపినా బండి లేస్తుంది.

మన రైతు బండిలో మీటరు ఏకంగా 2.9 ఆంపియర్లు చూపింది! లెక్క వేస్తే రాత్రి 12 గంటల్లో 35 ఆంపియర్ అవర్లు, ఒక రోజంతా ఆపితే 70. ఉన్నదే 88. అది కూడా నిండా ఎక్కడం లేదాయె. రోజూ తిరిగితే మూలుగుతూ లేవడం, రెండు రోజులు ఆపితే చచ్చిపోవడం ఎందుకో ఈ లెక్కతో తేటతెల్లమైంది.

ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ...

మీటరు అలాగే ఉంచి ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీయాలి. ఒకటి తీశాక మీటరు చూడాలి. మార్పు లేకపోతే దాన్ని తిరిగి పెట్టేసి ఇంకొకటి తీయాలి. ఏ ఫ్యూజు తీయగానే అంకె పడిపోతుందో జబ్బు ఆ లైనులో ఉన్నట్టు. అప్పుడు ఆ లైను మీద ఉన్న స్విచ్చి, బల్బు, వైరు మాత్రమే చూసుకుంటే సరిపోతుంది. బండి మొత్తం విప్పనక్కర్లేదు.

ఇలా చూస్తే తరచూ దొరికే దొంగలు ఇవి:

* బ్రేక్ లైటు స్విచ్చి. పెడల్ స్ప్రింగు వదులైనా, బురద పట్టినా లోపల ఆన్‌లోనే ఉండిపోతుంది. 21 వాట్ల బల్బు ఒక్కటి వెలుగుతున్నా 1.75 ఆంపియర్లు పోతాయి.
* ట్రక్కు లైట్ల సాకెట్. వెనక తగిలించే ఈ సాకెట్లో తడి, బురద చేరి పిన్నుల మధ్య పచ్చటి చిలుం పడుతుంది. ఆ చిలుం మీదుగా కరెంటు నడుస్తుంది.
* పాటల పెట్టె, సెల్ చార్జరు, రంగురంగుల లైట్లు. వీటిని తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేస్తుంటారు. ఫ్యూజు కూడా పెట్టరు. కారడమే కాదు, వైరు ఒరుసుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది.
* ఎలుకలు. కొట్టంలో గడ్డి, గింజలు ఉన్నచోట ఆపితే వైర్ల మీది తొడుగు కొరికేస్తాయి. రాగి బయటపడి బాడీకి తగులుతుంది.
* బ్యాటరీ పైన మురికి. దుమ్ము, నూనె, యాసిడ్ తడి కలిసి పొరగా పేరుకుంటే ప్లస్ నుంచి మైనస్‌కు అదే దారి అవుతుంది. మీటరు నల్ల వైరు మైనస్ మీద పెట్టి ఎర్ర వైరు కొసను బ్యాటరీ మూత మీద అక్కడక్కడా ఆనిస్తే వోల్టులు చూపిస్తుంది. మూతలు బిగించి, తినే సోడా కలిపిన నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడితే పోతుంది. సోడా నీళ్లు గదుల్లోకి దిగకూడదు.

మన రైతు బండిలో పాటల పెట్టె వైరు తీస్తే 2.9 కాస్తా 2.7 అయింది. మిగిలిన ఫ్యూజులన్నీ తీసినా 2.7 కదల్లేదు.

ఫ్యూజులకు అందనివి

ఫ్యూజులన్నీ తీసినా కరెంటు పోతుంటే ఫ్యూజు లేని లైన్లు చూడాలి. సెల్ఫ్ మోటారు, తాళం స్విచ్చి, ఆల్టర్నేటర్ ఈ కోవలోకి వస్తాయి. మన దగ్గర చాలామంది ఆల్టర్నేటర్‌ను కూడా డైనమో అనే పిలుస్తుంటారు. రెండూ వేరు. ఆల్టర్నేటర్ లోపల డయోడ్లు ఉంటాయి. అవి కరెంటును ఒకవైపే పోనిచ్చే తలుపుల లాంటివి. ఇంజన్ నడిచేటప్పుడు కరెంటు బ్యాటరీకి వెళ్తుంది, ఆగినప్పుడు వెనక్కి రాకుండా తలుపు మూసుకుంటుంది. ఒక డయోడు కాలిపోతే ఆ తలుపు తెరిచే ఉండిపోతుంది. బ్యాటరీలోని కరెంటు వెనక్కి దిగి, రాత్రంతా లోపలి కాయిల్‌ను వేడి చేస్తూ కూర్చుంటుంది. చార్జింగూ తగ్గిపోతుంది.

దీనికి రెండు గుర్తులున్నాయి. తాళం తీశాక కూడా డ్యాష్ బోర్డు మీది ఎర్రటి చార్జింగ్ లైటు కొన్ని బండ్లలో మసకమసగ్గా వెలుగుతుంది. పగటి వెలుతుర్లో కనపడదు, చీకట్లో చూడాలి. రెండోది చేత్తో తెలిసిపోతుంది. కుర్రాడు ఆల్టర్నేటర్ మీద చెయ్యి వేసి, ఆ రైతు చెయ్యి కూడా పట్టి దాని మీద పెట్టించాడు. రాత్రంతా ఆగి ఉన్న బండి. ఇంజన్ రాయిలా చల్లగా ఉంది. ఆల్టర్నేటర్ మాత్రం గోరువెచ్చగా ఉంది!

బ్యాటరీ ఎర్తు తీసేసి, ఆల్టర్నేటర్ మీదికి వచ్చే లావు వైరును విప్పి, దాని కొసకు టేపు చుట్టి, మళ్లీ మీటరు కలిపాడు. అంకె సున్నా. దొంగ దొరికాడు. ఆల్టర్నేటర్ విప్పి డయోడ్ ప్లేటు మార్చారు. దాని ఖరీదు బ్యాటరీ ఖరీదులో ఐదో వంతు కూడా లేదు. ఆ తర్వాత చార్జింగ్ 14.2కు చేరింది.

డైనమో ఉన్న పాత బండ్లలో డయోడ్లు ఉండవు. ఆ పని కటౌట్ చేస్తుంది. దాని పాయింట్లు అతుక్కుపోతే బ్యాటరీ కరెంటు ఇలాగే డైనమోలోకి దిగిపోతుంది. బండి ఆపి ఉన్నా డైనమో వేడెక్కుతుంటే వెంటనే ఎర్తు వైరు తీసేయాలి.

వెల్డింగ్ పెట్టేటప్పుడు జాగ్రత్త

కుర్రాడు వెళ్తూ వెళ్తూ ఓ మాట అడిగాడు. ‘బాబాయ్, ఈ మధ్య బండి మీద వెల్డింగ్ ఏమన్నా పెట్టించావా?’ రైతు కాసేపు ఆలోచించి, ఉగాదికి ముందు గొర్రు విరిగితే బండికి తగిలించి ఉండగానే అతికించామన్నారు. బ్యాటరీ వైరు తీశారా అంటే లేదు. ‘దాని వల్లే అని గట్టిగా చెప్పలేం గానీ డయోడ్లు పోయే దారుల్లో అదొకటి’ అన్నాడు కుర్రాడు.

వెల్డింగ్ పెట్టాల్సి వస్తే పనిముట్టును బండి నుంచి వేరు చేయడం మేలు. కుదరకపోతే బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయాలి. వెల్డింగ్ ఎర్తును అతికే చోటుకు దగ్గర్లోనే పట్టించాలి. చార్జింగ్ వస్తోందో లేదో చూద్దామని ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసేవాళ్లు కూడా ఉన్నారు. ఇది పాత అలవాటు. డైనమో రోజుల్లో చెల్లిందేమో గానీ ఆల్టర్నేటర్ ఉన్న బండికి చేటు. వేరే బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైనా డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

స్క్రూడ్రైవర్‌తో ప్రాణాల మీదికి

బ్యాటరీ దిగిన బండి దగ్గర మరో ప్రమాదం పొంచి ఉంటుంది. తాళంతో లేవడం లేదని కింద నిలబడి, సెల్ఫ్ టెర్మినళ్ల మధ్య స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేయడం మన పల్లెల్లో మామూలైపోయింది. అలా చేస్తే క్లచ్ నొక్కితేనో, న్యూట్రల్‌లో ఉంటేనో మాత్రమే స్టార్ట్ అయ్యే రక్షణ ఏర్పాటు పనిచేయదు. బండి గేరులో ఉంటే లేచిన మరుక్షణం ముందుకు దూకుతుంది. మనిషి నిలబడేది సరిగ్గా పెద్ద చక్రం ముందే. తప్పుకునే వ్యవధి ఉండదు. ఎంత తొందరున్నా సీట్లో కూర్చునే స్టార్ట్ చేయాలి.

బ్యాటరీ దగ్గర పనిచేసేటప్పుడు చేతి ఉంగరం, గడియారం తీసేయాలి. తీసేటప్పుడు ముందు ఎర్తు వైరు తీయాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. చార్జింగ్ పెట్టినప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. యాసిడ్ కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా మంచినీళ్లతో కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

సీజన్‌కు ముందే...

దిగిపోయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత చార్జింగ్ పెట్టినా పూర్తిగా ఎక్కదు. కాబట్టి కారడం కనిపెట్టేదాకా రోజూ రాత్రి ఎర్తు వైరు తీసి ఉంచడం మంచిది. ఎర్తు లైనుకు కటాఫ్ స్విచ్చి పెట్టించుకుంటే ఇంకా సుళువు. అయితే ఇంజన్ పూర్తిగా ఆగాకే దాన్ని కట్టేయాలి. నెల రోజులకు మించి బండి తీయని పక్షంలో బ్యాటరీని నెలకోసారి చార్జింగ్ పెట్టించాలి. ఎండాకాలం వేడికి అది తనంతట తాను కూడా తొందరగా దిగిపోతుంది.

పని లేని రోజుల్లో ఓ సాయంత్రం కేటాయించి బల్బు పరీక్ష చేసి చూసుకుంటే, పదును వచ్చిన రోజున బండి మన మాట వింటుంది. ఆ రైతు పాత బ్యాటరీని అప్పటికే తుక్కు కింద ఇచ్చేశారు. ‘దానికి నిజంగానే కాలం చెల్లిందో, పాపం ఈ డయోడే చంపిందో ఇక తెలిసే దారి లేదు’ అంటారాయన. ఆ సందేహం మీకు మిగలకుండా ఉండాలంటే, టౌనుకు బయల్దేరే ముందు ఒక్క రాత్రి ఎర్తు వైరు తీసి చూడండి.